ప్రేమ ఉందని పిల్లకు ఎట్లా తెలుస్తుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజీలూ ముందేసుకుని కూర్చుంటే సగానికి పైగా పిల్లల గురించే ఉన్నాయి. అవి కూడా ఎక్కువగా మన పాలమూరు, నల్లగొండ, నాగర్‌కర్నూలు వైపువే. మార్కుల గురించి ఒక్కరూ అడగలేదు, నాకు అదే ఆశ్చర్యం. అందుకని ఈ సంచికలో జుట్టు రాలడం, అత్తాకోడళ్ల పేచీలు, బంగారం ఎప్పుడు కొనాలి లాంటివన్నీ పక్కన పెట్టేశాను, ఏమనుకోకండి. రాసినవాళ్ల పేర్లూ ఊళ్లూ వేయడం లేదు.

ప్రశ్న: మాది నారాయణపేట దగ్గరి పల్లె. నేనూ మా ఆయనా పుణెలో బిల్డింగు పనికి పోతాం, ఆయన సెంట్రింగు, నేను ఇటుకలు మోస్తాను. మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా మధ్యలో రాలేం. పాపకు మూడున్నరేళ్లు, రెండేళ్లు నిండినప్పటి నుంచి మా అత్త దగ్గరే ఉంటోంది. మొన్న ఉగాదికి వచ్చి బ్యాగు కింద పెట్టకముందే ఎత్తుకోబోతే గట్టిగా ఏడ్చి మా అత్త కొంగు వెనక్కి పోయింది. నేను తెచ్చిన గౌను కూడా మా అత్త తొడిగితేనే తొడుక్కుంది. నాలుగో రోజుకు కొంచెం దగ్గరైంది. ఏడిస్తే చూడలేమని ఆరో రోజు తెల్లవారుజామున పాప నిద్రలో ఉండగానే బస్సెక్కాం. ఇప్పుడు ఫోన్ చేస్తే తల అటు తిప్పుకుంటోందట. నా బిడ్డ నన్ను మర్చిపోయిందా అక్కా?

జవాబు: మర్చిపోలేదు చెల్లీ. పండక్కీ పబ్బానికీ వస్తూనే ఉన్నారు, రోజూ నీ గొంతు వింటూనే ఉంది. బొత్తిగా తెలియని మనిషైతే కాసేపు వింతగా చూసి, చేతిలో బిస్కెట్ ప్యాకెట్ కనపడగానే మెల్లగా దగ్గరికొచ్చేది. నీ బిడ్డ అలిగింది. అలక పరాయివాళ్ల మీద ఉండదు.

దీని గురించి పాత సంగతి ఒకటి చెప్తాను. ఇంగ్లండులో ఒకప్పుడు పిల్లలను ఆస్పత్రిలో చేర్చుకుంటే తల్లిని దగ్గర ఉండనిచ్చేవారు కాదు, తల్లి వచ్చి పోతే పిల్లలు ఏడుస్తారు, రాకపోతే బుద్ధిగా ఉంటారు అని నర్సుల వాదన. జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన, చిన్న ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉన్న రెండేళ్ల పాపను కెమెరాతో చిత్రీకరించి 1952లో డాక్టర్లకు చూపించాడు. పెద్ద గొడవేమీ చేయని, నెమ్మదైన పాప. అయినా రోజులు గడిచేకొద్దీ ఆ ముఖం ఎట్లా ముడుచుకుపోయిందో, తల్లి వచ్చినా ఎట్లా తల తిప్పుకుందో అందులో కనిపించింది. ఆయనా, జాన్ బౌల్బీ అనే డాక్టరూ కలిసి చెప్పింది ఏమిటంటే, తల్లి దూరమైన చిన్నపిల్ల మొదట ఏడ్చి గోల చేస్తుంది, ఆ తర్వాత ఆశ వదిలేసి మూల కూర్చుంటుంది, ఇంకా ఆలస్యమైతే ఏమీ పట్టనట్టు ఉంటుంది. ఆ మూడోది చూసి పెద్దవాళ్లం ‘అలవాటైపోయింది’ అని సంతోషపడతాం. బుద్ధిగా ఉందనుకున్నది నిజానికి నోరు మూసుకున్న బాధ. ఆ తర్వాత తర్వాత అక్కడి ఆస్పత్రులు తల్లులను రానిచ్చాయి, పిల్లల మంచం పక్కన పడుకోనిచ్చాయి.

నీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్న మాట ఒక్కటే, తెల్లవారుజామున బస్సెక్కడం. నిన్ను తప్పుపట్టడం లేదు, వలస పోయే ప్రతి ఇంట్లో చేసే పనే అది. కానీ పాప వైపు నుంచి చూడు. నాలుగు రోజులు కష్టపడి అమ్మకు దగ్గరైంది, పక్కన పడుకుంది, లేచి చూస్తే చాప ఖాళీ. అంటే నిద్రపోతే అమ్మ పోతుంది. ఈ పిల్ల రేపు రాత్రి కళ్లు మూసుకోవడానికి కూడా భయపడుతుంది, మీ అత్తను బాత్‌రూమ్‌కు కూడా పోనివ్వదు. నేను చెప్పింది జరుగుతోందో లేదో ఫోన్ చేసి అడుగు.

ఈసారి వచ్చినప్పుడు ఎత్తుకోవడానికి ఎగబడకు. బ్యాగు పక్కన పెట్టి కింద కూర్చో, మీ అత్తతో మాట్లాడుతూ చిక్కుడుకాయలో ఏవో ఒలుచుకుంటూ ఉండు. పాపే వచ్చి ఒక కాయ లాక్కుంటుంది. అదే పలకరింపు. మీ అత్త ఒళ్లోంచి లాగి తీసుకోవద్దు, ఆమే ఇప్పుడు పాపకు ఆసరా, ఆ ఆసరా గట్టిగా ఉంటేనే నీ దాకా నడిచి వస్తుంది. మీ అత్త మీద నీకు లోపల కొంచెం కుళ్లు ఉండొచ్చు, ఉంటుంది కూడా, ఎవరూ ఒప్పుకోరు గానీ. ఆమెకో మంచి చీర కొని పెట్టు.

వెళ్లే ముందు రోజు చెప్పు. ‘అమ్మ రేపు బస్సులో పోతుంది, పనికి పోతుంది, మళ్లీ దసరాకు వస్తుంది’ అని. ఏడుస్తుంది, ఏడవనీ. ఎత్తుకుని బస్సు దాకా తీసుకుపో, చెయ్యి ఊపనీ. నువ్వు కట్టుకున్న పాత చీర ఒకటి ఉతక్కుండా వదిలిపెట్టి పో, రాత్రి కప్పుకుంటుంది, ఆ వాసన పిల్లలకు తెలుస్తుంది. ఫోన్ రోజూ ఒకే వేళకు చెయ్యి, పాప అన్నం తినే వేళకైతే ఇంకా మేలు, రెండు నిమిషాలైనా చాలు. ‘నేనెవరో చెప్పు, చెప్పు’ అని పరీక్ష పెట్టకు. నువ్వు ఏం తిన్నావో చెప్పు, అక్కడ సైటు మీద తిరిగే కుక్కను చూపించు. తల తిప్పుకుంటే తిప్పుకోనీ, వింటూనే ఉంటుంది. అన్నం పెట్టేటప్పుడు ‘ఈ ముద్ద అమ్మది, ఈ ముద్ద నాయనది’ అనమని మీ అత్తకు చెప్పు.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చి, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న చట్టం ప్రకారం, 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట ఆరేళ్ల లోపు పిల్లల కోసం గదులు ఏర్పాటు చేయాల్సి ఉండేది, చూసుకోవడానికి మనిషిని పెట్టాల్సి ఉండేది. కాగితం మీద ఉన్నంత బాగా సైటు మీద ఉండదని నాకూ తెలుసు. అయినా పెద్ద కంపెనీ సైటు అయితే మేస్త్రీని కాకుండా పైన ఇంజనీరును అడిగి చూడండి, నలుగురు ఆడవాళ్లు కలిసి అడిగితే మాట వేరుగా ఉంటుంది.

ప్రశ్న: ఫోన్ చేతిలో పెట్టకపోతే మా రెండేళ్ల బాబు ముద్ద మింగడు. ఏం చేయాలి? (నల్లగొండ నుంచి)

జవాబు: రెండు రోజులు తక్కువ తింటాడు, మూడో రోజు తింటాడు. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడు ఆకలి పెట్టుకుని కూర్చోడు. వాడు తినేటప్పుడు మీ ఫోన్ కూడా పక్క గదిలో ఉండాలి. వాడికి కావలసింది బొమ్మల వీడియో కాదు, వాడి ముఖం చూసి ‘ఆఁ’ అని నోరు తెరిచే మనిషి. ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే ఆయన 1970లలో అమెరికాలో తల్లులతో ఒక చిన్న ప్రయోగం చేయించాడు. కాసేపు బిడ్డతో ఆడుకుని, తర్వాత ఒకట్రెండు నిమిషాలు ముఖంలో ఏ కదలికా లేకుండా చూడమన్నాడు. పసిపిల్లలు నవ్వి చూశారు, చేతులు చాచారు, కేక పెట్టారు, చివరికి ముఖం తిప్పుకుని ఏడ్చారు. మనం ఫోన్ చూసుకుంటూ అన్నం పెట్టేటప్పుడు మన ముఖం సరిగ్గా అట్లాగే ఉంటుంది, అద్దంలో చూసుకోండి.

ప్రశ్న: మేడమ్ గారూ, నాది మిర్యాలగూడ, రైస్ మిల్లులో గుమస్తాను. మా నాయన మమ్మల్ని బెల్టుతో కొట్టి పెంచాడు, మేమేం చెడిపోలేదు. మా ఆవిడ మా ఎనిమిదేళ్ల కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది, నేను ఒక దెబ్బ వేస్తే వారం రోజులు నాతో మాట్లాడదు. మగపిల్లవాణ్ణి ఇంత ముద్దు చేస్తే రేపు బయట ఎట్లా బతుకుతాడు?

జవాబు: అన్నా, మీలాగే అనుకున్నవాడు అమెరికాలో ఒక పెద్ద శాస్త్రవేత్తే ఉండేవాడు. జాన్ వాట్సన్ అని. పిల్లలను హత్తుకోవద్దు, ముద్దు పెట్టుకోవద్దు, ఒళ్లో కూర్చోనివ్వద్దు, తప్పదంటే రాత్రి పడుకునేటప్పుడు నుదుటి మీద ఒక ముద్దు, పొద్దున లేవగానే షేక్‌హ్యాండ్ అని 1928లో రాశాడు. సొంత కొడుకుకు పొద్దున్నే షేక్‌హ్యాండ్! చాలామంది నమ్మారు కూడా. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు హ్యారీ హార్లో అనే ఆయన కోతిపిల్లలను తల్లుల నుంచి వేరుచేసి రెండు బొమ్మ తల్లులను పెట్టాడు. ఒకటి ఇనుప తీగతో చేసింది, దానికి పాల సీసా ఉంది. ఇంకోటి మెత్తటి గుడ్డ చుట్టింది, దానికి పాలు లేవు. కోతిపిల్లలు ఆకలైనప్పుడు తీగ తల్లి దగ్గరికి పోయి పాలు తాగి, వెంటనే గుడ్డ తల్లి దగ్గరికి వచ్చి రోజంతా దాన్నే పట్టుకుని ఉండేవి. భయపెట్టే బొమ్మను లోపలికి వదిలితే పరుగున వచ్చి గుడ్డ తల్లిని కరుచుకుని, కాసేపటికి ధైర్యం తెచ్చుకుని అక్కడి నుంచే ఆ బొమ్మ వైపు తొంగి చూసేవి. ఆ ప్రయోగాలు చేసిన తీరు నాకు నచ్చదు, కోతిపిల్లలను పెట్టిన హింస మామూలుది కాదు. కానీ మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. బయట బతికే ధైర్యం ఒళ్లోంచే వస్తుంది.

మీ నాయన సంగతికి వస్తే, ‘మేమేం చెడిపోలేదు’ అన్నారు. బెల్టు అని మాత్రం రాశారు. ఇన్నేళ్ల తర్వాత కూడా అది చేతికర్ర కాదు, బెల్టు అని గుర్తుంది. మీ నాయన మీకు చేసిన మంచి పనులు ఎన్ని గుర్తున్నాయో ఒకసారి లెక్క వేసుకోండి, నేను అడగను.

బడిలో టీచరు కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను నిషేధించింది, కొడితే డిపార్ట్‌మెంటు చర్య తీసుకోవాలి. టీచరుకు లేని హక్కు తండ్రికి ఉందా అని నేను వాదన పెట్టను, ఇంట్లో కోర్టు పెట్టలేం. కానీ కొట్టడం మానితే గారం అయిపోతుందనుకోకండి. రాత్రి తొమ్మిదికి పడుకోవాలి అంటే పడుకోవాలి, అబద్ధం చెప్తే ఆ సాయంత్రం ఆట బంద్, ఇవన్నీ ఉండాలి. మీ ఆవిడ ఒళ్లో కూర్చోబెట్టుకున్నా మాట దగ్గర గట్టిగా ఉందో లేదో చూడండి. ఉంటే మీరు ఇంకేం చేయనక్కర్లేదు, ఆదివారం వాణ్ణి బండి ముందు కూర్చోబెట్టుకుని మిల్లు దాకా తీసుకుపోయి వడ్లు బియ్యం ఎట్లా అవుతాయో చూపించండి.

ప్రశ్న: కల్వకుర్తి నుంచి రాస్తున్నాను. మాకు నెలలు నిండకుండా బాబు పుట్టాడు, 1,700 గ్రాములు. ఆస్పత్రిలో డాక్టరమ్మ బాబును ఛాతీకి ఆనించి పడుకోబెట్టుకోమంది. ఇప్పుడు ఇంటికొచ్చి పది రోజులు. మా పెద్దమ్మ, అత్తమ్మ ‘ఊరికే ఎత్తుకోకు, చేతి అలవాటైతే రేపు కింద దిగడు, నీ పని సాగదు’ అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: డాక్టరమ్మ మాట. ఇందులో మొహమాటం వద్దు. నెలలు నిండనివాడు ఎక్కడ ఉండాలి తల్లీ, ఇంకా నీ కడుపులో ఉండాలి కదా. కాబట్టి ఇప్పుడు నీ ఛాతీయే వాడి చోటు.

దీన్ని కంగారూ పద్ధతి అంటారు. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో ఒక ఆస్పత్రిలో పసిపిల్లలను వెచ్చగా ఉంచే పెట్టెలు సరిపోక, ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గురిని పడుకోబెడుతుంటే జబ్బులు ఒకరి నుంచి ఒకరికి అంటుకునేవి. ఎడ్గర్ రే అనే డాక్టరు బిడ్డను తల్లి రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్లు తగిలేటట్టు కట్టి ఉంచే పద్ధతి మొదలుపెట్టాడు. గతిలేక చేసిన పని అది, తీరా చూస్తే మంచి పద్ధతి అయింది. మన దేశంతో పాటు ఆఫ్రికాలో నాలుగు దేశాల్లో చేసి, 2021లో ఫలితాలు బయటపెట్టిన పెద్ద పరిశీలనలో, 1,800 గ్రాముల లోపు పుట్టిన పిల్లలకు పుట్టిన వెంటనే ఇది మొదలుపెడితే మొదటి నెలలో చావులు నాలుగో వంతు తగ్గాయి. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ తక్కువ బరువు పిల్లలందరికీ వీలైనంత ఎక్కువసేపు, రోజుకు ఎనిమిది గంటలకు తగ్గకుండా చేయమంటోంది.

బాబుకు డైపరూ టోపీ మాత్రం ఉంచి, తల ఒక పక్కకు తిప్పి, ముక్కు మూసుకుపోకుండా ఛాతీ మీద నిలువుగా ఆనించి, పైన మెత్తటి నూలు చీరతో చుట్టుకో. నీ ఒళ్లు వేడెక్కి వాడికి వెచ్చదనం, నీ గుండె చప్పుడుకు వాడి ఊపిరి నిలకడ. పక్కనే పాలు. నీకు నడుము నొప్పి వస్తే మీ ఆయన చొక్కా విప్పి కూర్చోవాలి, ఛాతీ మీద వెంట్రుకలున్నా బాబుకు ఇబ్బందేమీ లేదు. మీ అత్తమ్మ కూడా చేయొచ్చు, నిజానికి ఆమెకే ముందు చెప్పు. ఒక్క గంట అట్లా పెట్టుకుని కూర్చుంటే ‘చేతి అలవాటు’ మాట మళ్లీ ఎత్తదు. బరువు ఎంత పెరిగాడో ఆశ కార్యకర్త వచ్చినప్పుడు చూడమను, తాగడం తగ్గినా, ఒళ్లు చల్లబడినా, డొక్కలు ఎగరేసినా అదే గంటలో ఆస్పత్రికి తీసుకుపో.

నెలలు నిండి పుట్టినవాళ్లకు కూడా ఈ ‘చేతి అలవాటు’ మాట నాకు మొదటి నుంచీ అర్థం కాదు. పాక వచ్చాక ఏ పిల్ల చేతిలో ఉంటుంది? దింపమని గుంజుకుని పోతారు.

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర తండా. మా బాబుకు గురుకులంలో ఐదో తరగతి సీటు వచ్చింది, ఊరంతా మెచ్చుకుంది. చూడ్డానికి పోతే ఇంటికొస్తానని ఏడుస్తాడు, నా ఆటో పట్టుకుని వదలడు. రెండు మూడు నెలలు రాకండి, అలవాటవుతాడు అని అక్కడ ఒకరు చెప్పారు. పోవాలా, మానాలా?

జవాబు: పోవాలి తమ్ముడూ. పైన రాసిన నర్సుల మాటే ఇది, ఊరు మాత్రం మారింది.

గురుకులాల మీద నాకు గౌరవం తక్కువేమీ కాదు. మన సర్వేల్‌లో 1971లో పి.వి. నరసింహారావు చొరవతో గురుకులం మొదలైనప్పుడు అది అప్పటి నల్లగొండ జిల్లాలో ఒక మూల పల్లె, అక్కడ చదివిన పేదింటి పిల్లలు ఎక్కడెక్కడికో పోయారు. మీ వాడికి సీటు రావడం నిజంగా మంచి సంగతి. కానీ పదేళ్ల పిల్లవాడు పొద్దున ఐదింటికి గంట కొడితే లేచి, వరుసలో నిలబడి, వందల మంది మధ్య స్నానం చేసి, వందల మంది మధ్య తిని పడుకుంటాడు. వాడి జ్వరం ముందు ఎవరికి తెలుస్తుంది? ఇంట్లో అయితే ముఖం చూసి చెప్పేస్తారు.

చూడనిచ్చే ఆదివారం ఏదైనా సరే, తప్పొద్దు. ఆ రోజు కిరాయి పోతే పోనీ. పోయాక మార్కులు అడగకు. టిఫిన్ విప్పి చెట్టు కింద కూర్చో, రొట్టె, కోడికూర, వాడు ఇష్టంగా తినేది ఏదైనా. తింటూ ఉంటే చేతివేళ్ల సందులు చూడు, గజ్జి ఉందా, గోళ్లు ఎంత పెరిగాయి, చెప్పులు కరుస్తున్నాయా. పక్క మంచం పిల్లవాడి పేరు అడుగు, వాణ్ణీ పిలిచి ఒక ముక్క పెట్టు. ఆ స్నేహితుడే మిగతా ఇరవై తొమ్మిది రోజులూ నీ కొడుకుకు ఇల్లు. వచ్చేటప్పుడు మళ్లీ ఏ తారీఖున వస్తావో చెప్పి, నోట్‌బుక్కు వెనక అట్ట మీద నీ చేత్తో రాసిపెట్టు. రాయడం రాకపోతే వాడితోనే రాయించు. ఆ తారీఖు మాత్రం తప్పకూడదు. రాలేకపోతే ముందు రోజే ఫోన్ చేసి వార్డెన్ ద్వారా కాకుండా వాడితోనే చెప్పు.

ఏడుపు గురించి భయపడకు. రెండు మూడు నెలల్లో ఏడుపు తగ్గుతుంది, చెప్పుకోవడానికి ఎవరో ఉన్నారు కాబట్టి తగ్గుతుంది. నాకు భయం వేసేది ఏడ్చే పిల్లవాణ్ణి చూసి కాదు. ఉన్నట్టుండి మాట పడిపోయినా, తిండి మానేసినా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, ఫలానా మనిషి పేరు ఎత్తితే బిగుసుకుపోయినా అప్పుడు పని పక్కన పెట్టి ఇంటికి తీసుకొచ్చి రెండు రోజులు నీ పక్కన పడుకోబెట్టుకుని మెల్లగా అడుగు. ఎవరైనా కొడుతున్నారనో, తాకరాని చోట తాకుతున్నారనో తేలితే ప్రిన్సిపాలు దాకా ఆగక్కర్లేదు, 1098కి ఫోన్ చెయ్యి. అది పిల్లల కోసం పెట్టిన నంబరు, డబ్బులు పడవు, రాత్రయినా పగలైనా ఎత్తుతారు.

ప్రశ్న: నేను ఏడో తరగతి, గద్వాల దగ్గర మా ఊరు. మా అమ్మకు తమ్ముడంటేనే ఇష్టం. సీడు పత్తిలో క్రాసింగుకు పోయి వచ్చి నన్ను అంట్లు తోమలేదని తిడుతుంది, తమ్ముణ్ణి మాత్రం ఎత్తుకుంటుంది. నాకు తల కూడా దువ్వదు. నేనంటే అమ్మకు ప్రేమ లేదా?

జవాబు: బిడ్డా, నీ ఉత్తరం నోట్‌బుక్కు మధ్య పేజీ చింపి రాశావు, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, రెండుసార్లు చదివాను. ప్రేమ ఉందనే నేననుకుంటున్నాను. కానీ అది నీకు కనపడటం లేదు, కనపడకపోతే నీకు లేనట్టే కదా, ఆ బాధ తప్పు కాదు. పొద్దున్నే పోయి పూలన్నీ ఒక్కొక్కటే చేత్తో పట్టుకుని పుప్పొడి అంటించి వచ్చే మనిషికి సాయంత్రానికి వేళ్లు కూడా వంగవు. ఉన్న కాస్త ఓపిక అందరికంటే చిన్నవాడికి పోతుంది, ఉన్న కోపం అందరికంటే నమ్మకమైన దానికి తగులుతుంది. ఆ నమ్మకమైనది నువ్వు. ఇది న్యాయం అనడం లేదు.

ఆదివారం పొద్దున అమ్మ టీ తాగుతున్నప్పుడు నూనె సీసా, దువ్వెన తీసుకుపోయి ముందు కూర్చో. ‘అమ్మా, జడ వెయ్యి’ అను, అంతే. తమ్ముడి మాట ఎత్తకు. వేస్తుంది. వేసేటప్పుడు బడిలో జరిగింది ఏదైనా చెప్పు. మళ్లీ వచ్చే ఆదివారం కూడా అడుగు.

అమ్మ తిట్టడం వేరు, రోజూ ఒంటి మీద వాతలు పడేటట్టు కొట్టడం, అన్నం పెట్టకపోవడం, బడి మాన్పించి పత్తికి తీసుకుపోవడం వేరు. అట్లాంటిది ఏదైనా ఉంటే నువ్వు రాయలేదేమో గానీ, మీ టీచరమ్మతో చెప్పు, లేకపోతే పై జవాబులో ఉన్న నంబరుకు ఎవరి ఫోన్ నుంచైనా చెయ్యి.

(ఈ పేజీ చదివే అమ్మలకు చిన్న మాట. మీ ఇంట్లో పెద్దపిల్ల ఉంటే ఈ ఉత్తరం ఆ పిల్ల రాసిందేమో అనుకుని ఒకసారి తల దువ్వండి.)

ప్రశ్న: అమ్మా, నేను చదువుకోలేదు, పక్కింటి పిల్లతో రాయిస్తున్నాను. అచ్చంపేట దగ్గర ఊరు. నా బిడ్డ చనిపోయి రెండేళ్లయింది, అల్లుడు ఇంకో పెళ్లి చేసుకుని ఎటో పోయాడు. మనవడికి ఆరేళ్లు, నా దగ్గరే. నాకు అరవై దాటినయి, కూలికి పోలేకపోతున్నాను. తల్లీతండ్రీ లేని పిల్లవాడికి ముసలిదాన్ని నేనొక్కదాన్ని సరిపోతానా? వాణ్ణి హాస్టల్‌లో వేయమంటున్నారు. రాత్రి పూట ఒకటే కథ మళ్లీ మళ్లీ చెప్పమంటాడు, నాకు వేరే కథలు రావు.

జవాబు: అవ్వా, సరిపోతావు. ఇది నీకు ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు.

రుమేనియా అనే దేశంలో ఒకప్పటి ప్రభుత్వం ఎక్కువమందిని కనమని జనాన్ని బలవంతం చేసింది, సాకలేనివాళ్లు పిల్లలను ప్రభుత్వ అనాథాశ్రమాల్లో వదిలేశారు. 1989లో ఆ ప్రభుత్వం పడిపోయాక బయటివాళ్లు పోయి చూస్తే వేల మంది పిల్లలు, ఎత్తుకునే మనిషి లేడు. ఊచల మంచాల్లో కూర్చుని వాళ్లంతట వాళ్లే ఊగుతూ ఉండేవాళ్లు. 2000 తర్వాత బుకారెస్ట్‌లో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలు అట్లాంటి 136 మంది పిల్లల్లో సగం మందిని ఇళ్లల్లో, వాళ్లను పెంచుకునేవాళ్ల దగ్గర పెట్టించి చాలా ఏళ్లు గమనించారు. ఇళ్లకు పోయిన పిల్లల మాట, తెలివి, ఎదుగుదల ఆశ్రమంలో ఉన్నవాళ్ల కంటే మెరుగయ్యాయి, అందులోనూ రెండేళ్ల లోపు పోయినవాళ్లు ఎక్కువ కోలుకున్నారు. వాళ్లను పెంచినవాళ్లు కన్నవాళ్లు కాదు. రోజూ ఒకటే ముఖం, ఒకటే చెయ్యి, ఏడిస్తే వచ్చే మనిషి, అంతే. నీ మనవడికి ఆ మనిషి పుట్టినప్పటి నుంచీ తెలిసిన అవ్వ. కాబట్టి నీ ఒంట్లో ఓపిక ఉన్నంత కాలం హాస్టల్ ఊసెత్తకు. ఆరేళ్లవాడు ఇప్పటికే ఒకసారి తల్లిని పోగొట్టుకున్నాడు, మళ్లీ నిన్ను పోగొట్టుకున్నట్టు ఉంటుంది వాడికి. పెద్దయ్యాక, ఐదో తరగతికి వచ్చాక గురుకులం సంగతి ఆలోచించొచ్చు.

డబ్బుల సంగతి. తల్లీతండ్రీ లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లల కోసం కేంద్రం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు ఇచ్చే పద్ధతి ఉంది. మీది నాగర్‌కర్నూలు జిల్లా, అక్కడ జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఉంటుంది. మీ అంగన్‌వాడీ టీచరునో, పంచాయతీ సెక్రటరీనో వెంటబెట్టుకుని పో. నీ ఆధార్, వాడి ఆధార్, బిడ్డ మరణ ధ్రువీకరణ పత్రం, ఆదాయం కాగితం, బడి నుంచి రాయించిన కాగితం పట్టుకుపో. అల్లుడు బతికే ఉన్నాడు కాబట్టి ‘తండ్రి ఉన్నాడు కదా’ అని కొర్రీ వేయొచ్చు. వదిలేసి పోయాడని, రెండేళ్లుగా నువ్వే సాకుతున్నావని ఊరి పెద్దలతో రాయించుకుంటే మంచిది. ఒక్కసారికి పని కాదు, రెండు మూడు సార్లు తిరగాల్సి వస్తుంది, ముందే చెప్తున్నాను. నీ పింఛను, రేషన్‌లో వాడి పేరు ఉన్నాయో లేవో కూడా అదే తిరుగుడులో చూసుకో.

వాడి అమ్మ ఫొటో ఉంటే గోడకు కింద, వాడి కళ్లకు అందే ఎత్తులో పెట్టు. అమ్మ గురించి అడిగితే మాట మార్చకు. ఏడుపొస్తే నువ్వూ ఏడువు, వాడి ముందు ఏడిస్తే తప్పేం లేదు.

కథ సంగతి రాశావు. అదే కథ చెప్పు. ఒక మాట అటూ ఇటూ అయితే వాడే సరిచేస్తాడు చూడు.